మూడు మెట్లకు 18 అడుగులు

ప్రశ్న: నమస్తే అక్కా. నేను ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) రెండో ఏడాది చదువుతున్నాను. ఇంటర్న్‌షిప్‌లో భాగంగా ఉప్పల్, నాచారం వైపు అపార్ట్‌మెంట్లు తిరుగుతూ, వికలాంగులు ఇబ్బంది లేకుండా ఉండాలంటే ఏమేం మార్చాలో రాసుకుంటున్నాను. ఎక్కడికెళ్లినా అసోసియేషన్ ప్రెసిడెంట్ ‘మా దగ్గర అలాంటివాళ్లెవరూ లేరమ్మా’ అంటున్నారు. నిన్న ఒక ఇంట్లో వీల్‌చైర్‌లో ఉన్న అమ్మాయి గురించి వాళ్లమ్మగారిని అడుగుతుంటే, ఆ అమ్మాయే ‘నన్నే అడగొచ్చుగా’ అంది. సిగ్గుతో చచ్చిపోయాను. మళ్లీ వెళ్లాలంటే టెన్షన్‌గా ఉంది.
– ఒక విద్యార్థిని, హబ్సిగూడ

జవాబు: రేపే వెళ్లు తల్లీ. నాకు చిన్నప్పుడే పోలియో వచ్చింది, పదేళ్లుగా వీల్‌చైర్‌లోనే తిరుగుతున్నాను. చీర కొనేది నేనైనా, షాపువాళ్లు ‘ఆవిడకి ఏ రంగు కావాలండీ’ అని మా తమ్ముణ్ణి అడుగుతారు. వాడికి నీలానికీ నలుపుకీ తేడా తెలీదు.

సారీ ఒక్కసారి చెప్పి వదిలెయ్. పది నిమిషాలు చెప్తే ఆ అమ్మాయే నిన్ను ఓదార్చాల్సొస్తుంది. కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చో, నిలబడి మాట్లాడితే మాకు మెడ పట్టేస్తుంది.

ఇక ‘లేరు’ అన్న మాట. లిఫ్ట్‌కీ పార్కింగ్‌కీ మధ్య మూడు మెట్లుంటే, కిందికి దిగలేని మనిషి ప్రెసిడెంటుగారికి ఎలా కనిపిస్తుంది? మా పాత అపార్ట్‌మెంట్‌లో రెండేళ్లు నేనూ ‘లేను’. ఓసారి వాచ్‌మన్, వాటర్ క్యాన్ కుర్రాడు నన్ను కుర్చీతో సహా దించుతుంటే, పట్టుకున్న కుర్చీ చెయ్యి ఊడి కుర్రాడి చేతికొచ్చింది. అప్పటిగ్గానీ మీటింగ్‌లో ర్యాంప్ మాట రాలేదు. వేశారు, నున్నటి గ్రానైట్‌తో. వానాకాలంలో దాని మీద నడిచేవాళ్లే జారిపడ్డారు.

అందుకే టేపు పట్టుకెళ్లు. ర్యాంప్ లెక్క 1:12, అంటే అంగుళం ఎత్తుకి అడుగు పొడవు. మెట్టు ఆరంగుళాలనుకుంటే మూడు మెట్లకు 18 అంగుళాల ఎత్తు, అంటే 18 అడుగుల పొడవు. ‘ఆరడుగులు చాలదా’ అంటారు. ఒకరి కారు పార్కింగ్ పోతుందని, అసలు గొడవంతా అదే. బాత్రూమ్ తలుపు కూడా కొలువు. కుర్చీ పట్టాలంటే ఖాళీ 900 మిల్లీమీటర్లుండాలి, లోపల తిరగడానికి 1500 కావాలి. మన ఫ్లాట్లలో చాలావాటిలో తలుపు దగ్గరే ఆగిపోతాం.

2016 దివ్యాంగుల హక్కుల చట్టం దగ్గర పెట్టుకో. అందరి మధ్యా బతికే హక్కు 5వ సెక్షన్‌లో ఉంది. ప్లాన్ నిబంధనల ప్రకారం లేకపోతే కట్టడానికి పర్మిషన్ ఇవ్వకూడదని 44వ సెక్షన్. కానీ వెళ్లీ వెళ్లగానే సెక్షన్లు తీయకు, మొహం మాడ్చుకుంటారు. ముందు మోకాళ్ల నొప్పుల మాటెత్తు. మోకాలి ఆపరేషనైన మనిషి ప్రతి అపార్ట్‌మెంట్‌లోనూ ఒకరుంటారు, ఒక్కోచోట ప్రెసిడెంటుగారి భార్యే.

ఆ అమ్మాయిని మీటింగ్‌కి రమ్మను. అసోసియేషన్‌వాళ్లేమో టెర్రస్ మీద పెడతారు, లిఫ్ట్ అక్కడిదాకా పోదు. ఆమె ఫ్లోర్‌లోనే, కారిడార్‌లో కుర్చీలు వేయమని ముందే చెప్పు.