అమెరికా సిమ్ సంగతి తర్వాత, ముందు ఇండియా నంబరు చూసుకో

అమ్మలూ,

వీసా స్టాంపింగ్ అయిపోయిందని, ఆగస్టు మొదటివారంలో చదువుకి డెంటన్ వచ్చేస్తున్నావని మా అక్క చెప్పింది. ఎంత సంతోషమేసిందో మాటల్లో చెప్పలేను. నేనుండేది న్యూజెర్సీ, నువ్వు దిగేది టెక్సాస్, పక్కనుండి చేయి పట్టుకుని చేయించే వీలు లేదు కాబట్టి ఇదంతా రాస్తున్నాను, ఓపిగ్గా చదువు. నువ్వు వాయిస్ మెసేజ్‌లో అడిగింది ఒక్కటే, "పిన్నీ, అక్కడ ఏ సిమ్ తీసుకోవాలి?" అని. అమెరికాలో సిమ్ దొరకడం అసలు సమస్యే కాదు, దిగిన రోజే అరగంటలో అయిపోతుంది. నువ్వు ఇప్పుడు వాడుతున్న ఇండియా నంబరు బతికి ఉండేలా చూసుకోవడమే పెద్ద పని. ఆ పని అమెరికా వచ్చాక మొదలుపెడితే కుదరదు, విమానం ఎక్కకముందే అయిపోవాలి.

ఎందుకంటే నీ బ్యాంకు ఖాతా, ఆధార్, పాన్, డిజిలాకర్, ఎడ్యుకేషన్ లోన్ అన్నీ ఆ ఒక్క నంబరుకే కట్టేసి ఉన్నాయి. దేన్ని ముట్టుకున్నా ఓటీపీ వస్తుంది. ఆధార్‌కైతే విదేశీ నంబరు ఇచ్చినా దానికి మెసేజీలు రావు. మా అపార్ట్‌మెంట్లో ఒక అమ్మాయి వాళ్ళ సిమ్ వ్యాలిడిటీ అయిపోయి ఆగిపోయింది, లోన్‌లో రెండో సెమిస్టర్ ఫీజు డబ్బు విడుదల కావాలంటే ఓటీపీ కావాలి, బ్యాంకువాళ్ళేమో నంబరు మార్చాలంటే బ్రాంచికి రమ్మన్నారు. ఖమ్మంలో ఉన్న బ్రాంచికి ఇక్కడి మా ఎడిసన్ నుంచి ఎలా వెళ్తుంది? ఫీజు గడువు దగ్గరపడుతుంటే ఆ పిల్ల పడ్డ టెన్షన్ చూశాక, వచ్చే పిల్లలందరికీ నేను ముందు ఇదే చెప్తున్నాను.

మొదట నీ సిమ్ ఎవరి పేరు మీద ఉందో మీ నాన్నని అడుగు. మన ఇళ్ళల్లో ఇంటర్లో కొనిచ్చిన సిమ్ నాన్న పేరు మీదే ఉండిపోతుంది. అలా ఉంటే కంగారుపడి నీ పేరుకు మార్పించకు, ఇప్పుడు అదే మంచిది. ఫోన్ పోయినా, సిమ్ పాడైనా నాన్న ఆధార్ తీసుకుని స్టోర్‌కి వెళ్ళి డూప్లికేట్ తీసుకోగలరు, నీ పేరు మీద ఉంటే నువ్వే వెళ్ళాలంటారు. తర్వాత రీఛార్జి. రోజుకి రెండు జీబీల డేటా ప్లాన్ నీకిక అక్కర్లేదు, వ్యాలిడిటీ ఎక్కువ రోజులుండే చిన్న ప్లాన్ చాలు. వీలైతే ఏడాది ప్లాన్ వేయించుకుని, అయిపోయే తారీఖుకి పదిహేను రోజుల ముందు నీ ఫోన్లోనూ నాన్న ఫోన్లోనూ రిమైండర్ పెట్టు. ప్రీపెయిడ్ నంబరు 90 రోజులు ఏ వాడకమూ లేకుండా పడి ఉంటే కంపెనీ దాన్ని ఆపేయొచ్చు, ఆపేశాక ఇంకో 90 రోజులు గడిస్తే వేరేవాళ్ళకు ఇచ్చేయొచ్చు. అంటే నీ బ్యాంకు ఓటీపీ ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి ఫోన్‌కి వెళ్తుంది.

ఇంకో సంగతి, ఇంటర్నేషనల్ రోమింగ్. దీన్ని స్టోర్‌కి వెళ్ళి, ఎదురుగా కూర్చుని ఆన్ చేయించుకో. కొన్ని కంపెనీలు ప్యాక్ కొనకపోయినా ఆన్ చేస్తాయి, కొన్ని ఏదో ఒక రోమింగ్ రీఛార్జి ఉండాలంటాయి, నీ కంపెనీది ఏదో అక్కడే తేల్చుకో. "అమెరికాలో ఉన్నప్పుడు నాకు ఓటీపీ మెసేజీలు రావాలి, అంతే" అని చెప్పు చాలు. సాధారణంగా రోమింగ్‌లో వచ్చే మెసేజీకి డబ్బు పడదు. కాల్ ఎత్తితే మాత్రం నిమిషానికింత పడుతుంది, డేటా ఆన్‌లో ఉంటే బ్యాలెన్స్ క్షణాల్లో అయిపోతుంది. అందుకని ఇండియా సిమ్‌కి డేటా రోమింగ్ ఆఫ్ చేసి పెట్టు, దానికొచ్చే కాల్స్ ఎత్తకు. చుట్టాలందరికీ వాట్సాప్‌లోనే చేయమని ముందే చెప్పు. వాట్సాప్ మాత్రం పాత నంబరు మీదే ఉంచుకో, మార్చితే ఇంట్లో పెద్దవాళ్ళు నిన్ను వెతుక్కోలేక అవస్థ పడతారు.

కొంతమంది సిమ్‌ని అమ్మానాన్నల దగ్గర వదిలేసి వస్తారు, ఓటీపీ వస్తే వాట్సాప్‌లో చదివి చెప్పమని. నాకిది నచ్చదు. నువ్వు డెంటన్‌లో సాయంత్రం ఐదింటికి ఏదో కట్టబోతే అక్కడ తెల్లవారుజామున మూడున్నర, మీ అమ్మ నిద్రలేచి కళ్ళజోడు వెతుక్కునేలోపు ఓటీపీ గడువు అయిపోతుంది. అంతకంటే పెద్ద భయం, ఫోన్‌లో ఎవరైనా అడిగితే ఓటీపీ చదివి చెప్పడం వాళ్ళకి అలవాటైపోవడం. మోసగాళ్ళకి కావలసింది సరిగ్గా ఆ అలవాటే. సిమ్ నీ దగ్గరే ఉండాలి.

నీ ఫోన్లో రెండు సిమ్‌లు పడితే ఇబ్బందేమీ లేదు, ఒకటి ఇండియాది, ఒకటి ఇక్కడిది. ఇండియా సిమ్‌ని ఈసిమ్‌గా, అంటే విడిగా ముక్క పెట్టనక్కర్లేకుండా ఫోన్లోనే ఉండే సిమ్‌గా మార్చుకోవాలనుకుంటే మాత్రం బయలుదేరడానికి పది రోజుల ముందే చేసేయ్. సిమ్ మార్చినప్పుడు 24 గంటలపాటు మెసేజీలు రావు, పోవు, మోసాలు జరక్కుండా పెట్టిన నిబంధన అది. ప్రయాణం ముందురోజు మార్చుకుని, విదేశాల్లో వాడే ఫారెక్స్ కార్డులో డబ్బు వేసుకోబోతే ఓటీపీ రాక కూర్చుండిపోతావు. అమెరికాలో అమ్మే ఐఫోన్లకి 14 మోడల్ నుంచి సిమ్ పెట్టే అరే లేదు, అంతా ఈసిమ్మే. రేపు నువ్వు ఇక్కడ కొత్త ఐఫోన్ కొనుక్కుంటే నీ చేతిలో ఉన్న ఇండియా సిమ్ ముక్క అందులో పెట్టలేవు. ఐఫోన్ కొనాలని మనసులో ఉంటే ఈసిమ్ పని ఇండియాలోనే ముగించుకుని రా.

ఇక ఫోన్. ఇది చాలామంది చూసుకోరు, దయచేసి నువ్వు చూసుకో. ఇండియాలో కొన్న ప్రతి ఫోనూ అమెరికాలో పూర్తిగా పనిచేస్తుందని లేదు. ఇక్కడ పెద్ద నెట్‌వర్క్‌లు మూడు, టీ-మొబైల్, వెరైజన్, ఏటీఅండ్‌టీ. 2022లో ముగ్గురూ 3జీ ఆపేశారు, కాబట్టి కాల్ కూడా 4జీ మీదే వెళ్ళాలి. ఆ 4జీ కాలింగ్ ఈ నెట్‌వర్క్‌తో కుదరని ఫోన్ అయితే ఇంటర్నెట్ బాగానే వస్తుంది, కాల్ మాత్రం వెళ్ళదు. ఏటీఅండ్‌టీ అయితే తన జాబితాలో లేని ఫోన్లను నెట్‌వర్క్‌లోకే రానివ్వదు, మన దగ్గర బాగా అమ్ముడుపోయే ఆండ్రాయిడ్ ఫోన్లు ఆ జాబితాలో చాలావరకు ఉండవు. టీ-మొబైల్ ఈ విషయంలో కాస్త పట్టువిడుపులతో ఉంటుంది, కానీ వాళ్ళ సిగ్నల్ గోడలు దాటి లోపలికి, ఊరి బయటికి రావడానికి బ్యాండ్ 71 అనే ఫ్రీక్వెన్సీ ముఖ్యం, ఇండియా మోడళ్ళలో అది తరచూ ఉండదు. అప్పుడు రోడ్డు మీద సిగ్నల్ నిండుగా ఉండి, లైబ్రరీ లోపలికి వెళ్ళగానే పడిపోతుంది. *#06# కొడితే నీ ఫోన్ ఐఎంఈఐ, అంటే దాని గుర్తింపు నంబరు వస్తుంది, దాన్ని నువ్వు తీసుకోబోయే నెట్‌వర్క్ కంపెనీ వెబ్‌సైట్లో వేస్తే పనిచేస్తుందో లేదో చెప్పేస్తుంది. రెండు నిమిషాల పని, ఇవాళే చెయ్. ప్రయాణం కోసమని ఇండియాలో కొత్త ఫోన్ కొనాలనుకుంటుంటే ఇది చూడకుండా అస్సలు కొనకండి.

విమానం దిగాక ఇమ్మిగ్రేషన్ దగ్గర ఫోన్ వాడనివ్వరు. యూనివర్సిటీ అడ్రసు, ఉండబోయే ఇంటి అడ్రసు, తీసుకెళ్ళడానికి వచ్చే సీనియర్ నంబరు ఒక కాగితం మీద రాసుకుని యూనివర్సిటీ పంపిన ఐ-20 ఫారంతో పాటు పెట్టుకో. బయటికొచ్చాక ఎయిర్‌పోర్ట్ వైఫై ఉంటుంది, ఇంటికి "చేరాను" అని మెసేజ్ పెట్టడానికి అది చాలు. అక్కడ కౌంటర్లలో అమ్మే టూరిస్ట్ సిమ్‌లు కొనకు, ధర ఎక్కువ.

ఇప్పుడు నువ్వడిగిన ప్రశ్నకి వద్దాం. మొదట ప్రీపెయిడే తీసుకో. పోస్ట్‌పెయిడ్‌కి ఇక్కడి ప్రభుత్వమిచ్చే సోషల్ సెక్యూరిటీ నంబరు, క్రెడిట్ హిస్టరీ (అప్పులు, బిల్లులు సరిగ్గా కట్టిన రికార్డు) అడుగుతారు, లేదంటే డిపాజిట్ కట్టమంటారు. నీకు క్యాంపస్ ఉద్యోగం వస్తేగానీ ఆ నంబరు రాదు. ప్రీపెయిడ్‌కి అవేవీ అక్కర్లేదు, ఆధార్ వేలిముద్రల్లాంటి తతంగమేమీ ఉండదు. పెద్ద కంపెనీల టవర్ల మీదే నడిచే చవక బ్రాండ్లున్నాయి, టీ-మొబైల్ మీద మింట్, వెరైజన్ మీద విజిబుల్, ఏటీఅండ్‌టీ మీద క్రికెట్. మింట్‌లో చిన్న ప్లాన్ నెలకి 15 డాలర్ల దగ్గర మొదలవుతుంది కానీ మూడు నెలల డబ్బు ఒకేసారి కట్టాలి, పన్నులు అదనం. క్యాంపస్‌లో, ఇంట్లో వైఫై ఉంటుంది కాబట్టి నీకు చిన్న ప్లాన్ సరిపోతుంది, ముందే అన్‌లిమిటెడ్‌కి వెళ్ళకు. ఏ నెట్‌వర్క్ అన్నది మాత్రం నన్ను అడక్కు, నువ్వుండబోయే అపార్ట్‌మెంట్లో ఇప్పటికే ఉంటున్న పిల్లల్ని అడుగు, ఏ గదిలో ఎవరి సిగ్నల్ పోతుందో వాళ్ళకే తెలుసు.

సీనియర్లు నిన్ను తమ ఫ్యామిలీ ప్లాన్‌లో చేరమంటారు. నలుగురైదుగురు కలిస్తే తలకి పడేది తక్కువ, వాళ్ళు మంచి మనసుతోనే అడుగుతారు. కానీ ఒకటి గుర్తుపెట్టుకో, అకౌంట్ ఎవరి పేరు మీద ఉందో నీ నంబరు వాళ్ళ చేతిలో ఉన్నట్టే. నువ్వు వేరే కంపెనీకి మారాలంటే అకౌంట్ నంబరు, ట్రాన్స్‌ఫర్ పిన్ వాళ్ళే ఇవ్వాలి. వాళ్ళు ఉద్యోగమొచ్చి సియాటిల్ వెళ్ళిపోయి, ఒక నెల బిల్లు కట్టడం మర్చిపోతే అందరి ఫోన్లూ ఆగిపోతాయి. అప్పటికి ఆ నంబరే నీ ఇక్కడి బ్యాంకుకి, రెజ్యూమెకి, యూనివర్సిటీ లాగిన్‌కి ఇచ్చి ఉంటావు. అందుకే నంబరు ముందు నీ సొంత పేరు మీద తీసుకో. ఆ తర్వాత బాగా నమ్మకమైనవాళ్ళతో కలవాలనిపిస్తే అదే నంబరుని వాళ్ళ ప్లాన్‌లోకి తీసుకెళ్ళొచ్చు, నంబరు మారదు. "ఫ్రీ ఐఫోన్" ఆఫర్లు చూసి కూడా మోసపోకు, ఆ ఫోన్ ధరని 24 నుంచి 36 నెలలపాటు బిల్లులో తగ్గిస్తూ వస్తారు, మధ్యలో వదిలేస్తే మిగతాది నీ నెత్తిన పడుతుంది. పైగా సాధారణంగా అది పూర్తయ్యేదాకా ఫోన్ లాక్‌లో ఉంటుంది, సెలవులకి ఇంటికెళ్తే మన సిమ్ అందులో పనిచేయదు.

కొత్త నంబరు వచ్చిన వారంలోనే ఎవరో నీకు తెలియని పేరు పిలుస్తూ అప్పు కట్టమని ఫోన్ చేస్తే భయపడకు. ఇక్కడ నంబర్లు ఒకరు వదిలేస్తే ఇంకొకరికి ఇస్తారు, అది నీకు ముందు వాడినవాళ్ళ అప్పు. "ఆ మనిషిని కాను, ఈ నంబరు తీసేయండి" అని చెప్పి పెట్టేయ్, నీ పేరు మాత్రం చెప్పకు. అసలు భయపడాల్సిన ఫోన్లు వేరే ఉన్నాయి. ఇమ్మిగ్రేషన్ ఆఫీసు నుంచి అంటారు, నీ పేపర్లలో తప్పుందంటారు, అరెస్టు వారెంట్ ఉందంటారు, లైన్ కట్ చేయకుండా వెంటనే గిఫ్ట్ కార్డులు కొని నంబర్లు చదవమంటారు. ఫోన్ మీద ఇండియన్ ఎంబసీ నంబరే కనిపించేలా కూడా చేస్తారు, దీని గురించి ఎంబసీ వాళ్ళే హెచ్చరికలు ఇచ్చారు. అమెరికా ప్రభుత్వ ఆఫీసేదీ గిఫ్ట్ కార్డుల్లో డబ్బు అడగదు. అలాంటి ఫోన్ వస్తే పెట్టేసి యూనివర్సిటీలో ఇంటర్నేషనల్ స్టూడెంట్ ఆఫీసుకి వెళ్ళు, లేదా అర్ధరాత్రయినా నాకు చెయ్. వాళ్ళు ఎవరికీ చెప్పొద్దంటారు, నువ్వు మాత్రం తప్పకుండా చెప్పు.

సిమ్ ఆన్ అవగానే సెట్టింగ్స్‌లో వైఫై కాలింగ్ ఆన్ చేసుకో, సిగ్నల్ లేని గదిలో కూడా కాల్స్ వస్తాయి. అది ఆన్ చేసేటప్పుడు ఎమర్జెన్సీ అడ్రసు అడుగుతుంది, వైఫై మీద 911కి ఫోన్ చేస్తే అంబులెన్స్ ఏ ఇంటికి రావాలో తెలిసేది దాన్నిబట్టే. ఇల్లు మారిన ప్రతిసారీ అది కూడా మార్చాలి, ఎవరూ గుర్తు చేయరు. ఇంకో మాట, మన బ్యాంకుల 1800 నంబర్లు ఇక్కడి నుంచి కలవవు. విదేశాల నుంచి చేయడానికి ప్లస్ 91తో మొదలయ్యే నంబరు ఒకటి ఉంటుంది, వెతికి సేవ్ చేసుకుని రా, బ్యాంకులో నీ ఈమెయిల్ కూడా సరిగ్గా ఉందో లేదో చూసుకో. తర్వాత తీరిగ్గా నీ ఖాతాని ఎన్ఆర్ఓగా, అంటే విదేశాల్లో ఉండేవాళ్ళ ఖాతాగా మార్చుకున్నాక ఇక్కడి నంబరుతోనే యూపీఐ వాడుకోవచ్చు, 2023లో యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ పది దేశాల నంబర్లకి అనుమతి ఇచ్చింది, అందులో అమెరికా ఉంది. నీ బ్యాంకు, నీ యాప్ దాన్ని ఇస్తున్నాయో లేదో కనుక్కోవాలి. ఖాతా ఇక్కడి నంబరుకి మారినా ఆధార్ కోసమైనా ఇండియా సిమ్ ఉండాల్సిందే, అది గుర్తుంచుకో.

ఈ ఆదివారంలోపు నాకు రెండు సంగతులు చెప్పు, సిమ్ ఎవరి పేరు మీద ఉందన్నది ఒకటి, ఐఎంఈఐ వేస్తే ఏం వచ్చిందన్నది ఒకటి. ఫోన్ పనిచేయదని వస్తే ఇండియాలో కొనకండి, ఇక్కడ అన్‌లాక్డ్ ఫోన్ కొని నువ్వు దిగేసరికి మీ సీనియర్ అడ్రసుకి పంపుతాను. డబ్బు సంగతి బావగారితో నేను మాట్లాడుకుంటాను.

మీ పిన్ని