జర్నలిజం చదవకుండా ఫ్రీలాన్స్ రచయిత కావచ్చా? నా సంగతి చెప్తాను

మీరు అడిగింది: బీఎస్సీ కెమిస్ట్రీ చేసి రెండేళ్లుగా ఫార్మా కంపెనీ క్యూసీ ల్యాబ్‌లో (మందుల నాణ్యత పరీక్షించే చోట) ఉన్నారు, తెలుగులో రాయడం ఇష్టం, జర్నలిజం డిగ్రీ లేకుండా రాతతో బతకగలరా, ఏ సబ్జెక్టు పట్టుకోవాలి అని.

నాదీ జర్నలిజం కాదు. గుంటూరు జిల్లాలో మిర్చి రైతు ఇంట్లో పుట్టాను. ఎంసెట్‌లో అగ్రికల్చర్ బీఎస్సీ సీటుకు సరిపడా ర్యాంకు రాలేదు, చేసేది లేక తెలుగు మీడియంలో బీజెడ్‌సీ (బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ) చదివాను. 2009లో డిగ్రీ అయిపోగానే ఒక దినపత్రికకు మా మండలం కంట్రిబ్యూటర్‌గా చేరాను. జీతం ఉండదు, లైన్ అకౌంట్ అంటారు, అంటే అచ్చయిన మేరకే డబ్బులు. మొదటి నెల 1,100 రూపాయలు వచ్చింది, బండి పెట్రోలుకు అంతకన్నా ఎక్కువే పెట్టాను. మా నాన్న ఆ లెక్క విని ఏమీ అనలేదు, అన్నం కలుపుకుంటూ నవ్వాడంతే. మూడేళ్లు చేశాను. పాఠశాల వార్షికోత్సవాలు, అన్నదానాలు, ఎండిన బోర్లు, ఇవే వార్తలు. అయితే నలభై పదాల్లో విషయం చెప్పడం అక్కడే వచ్చింది, అది ఏ కాలేజీలోనూ చెప్పరు.

తర్వాత హైదరాబాద్ వచ్చి అనువాదాలు మొదలుపెట్టాను. విత్తనాల కంపెనీల కరపత్రాలు, పురుగుమందుల లేబుళ్లు, ట్రాక్టర్ మాన్యువళ్లు. పదానికి 60 పైసలు. 2014లో జరిగింది ఒకటి చెప్పాలి. మిర్చిలో తామర పురుగుకు (ఇంగ్లిష్‌లో త్రిప్స్) స్పైనోసాడ్ అనే మందు లీటరు నీటికి 0.3 మి.లీ. అని ఇంగ్లిష్‌లో ఉంది, నేను 3 మి.లీ. అని కొట్టేశాను. రాత్రి ఒంటిగంటకి పని చేస్తున్నాను, సున్నా ఎక్కడో జారిపోయింది. ఎకరాకు 200 లీటర్లు పిచికారీ చేస్తారనుకోండి, 60 మి.లీ. పోయాల్సిన చోట 600 మి.లీ. అన్నమాట. ఆ మందు చిన్న సీసా ధరకే గుండె గుభేలుమంటుంది! ప్రూఫు చూసే పెద్దాయన, రిటైరైన వ్యవసాయాధికారి, ఫోన్ చేసి ఒక్కటే అడిగారు: "ఏమయ్యా, నువ్వు నిజంగా రైతుబిడ్డవేనా?" అచ్చుకు వెళ్లకముందే దొరికింది కాబట్టి సరిపోయింది. ఆ రోజు నుంచి అంకెలన్నీ చివర్లో విడిగా, పైకి చదువుతూ, మూలంతో సరిచూస్తాను. ఇప్పటికీ మానలేదు.

సబ్జెక్టు సంగతికి వస్తే, నేను ఎంచుకున్నది కాదు, అదే నన్ను పట్టుకుంది. 2021 చివర్లో మిర్చి తోటల్ని నల్ల తామర పురుగు ఊడ్చేసినప్పుడు అందరూ "వైరస్ వచ్చింది, పంట పోయింది" అని రాస్తున్నారు. నేను మా ఊరు వెళ్లి చేలో నిలబడ్డాను. పువ్వు తెంపి అరచేతిలో తడితే నల్లగా, సన్నగా, జీలకర్ర ముక్కలకన్నా చిన్నవి కదిలాయి. మామూలు తామర పురుగు ఎక్కువగా ఆకుల్ని గీకుతుంది, ఆకు పైకి దోనెలా ముడుచుకుంటుంది, దాన్ని మావాళ్లు పైముడత అంటారు. నల్లి అనే మరో చిన్న పురుగు పడితే ఆకు కిందికి ముడుచుకుంటుంది, అది కిందిముడత. ఈ కొత్తది పూలలోకి దూరింది, అందుకే పూత రాలి కాయ నిలవలేదు. మన దేశంలో దీన్ని మొదట 2015లో బెంగళూరు దగ్గర బొప్పాయి మీద గుర్తించారు, అంటే ఆకాశం నుంచి ఊడిపడలేదు. నీలి రంగు జిగురు అట్టలు ఎందుకు, పసుపువి ఎందుకు అనేది కూడా రాశాను (నీలానికి తామర పురుగు, పసుపుకి తెల్లదోమ ఎక్కువగా వస్తాయి). అప్పట్లో జువాలజీ ప్రాక్టికల్స్‌ని ఎంత తిట్టుకున్నానో, ఆ వ్యాసానికి అవే అక్కరకొచ్చాయి. అది చదివి ముగ్గురు ఎడిటర్లు పని ఇచ్చారు. అంతకు ముందు ఏడేళ్లు నేనే వాళ్ల వెంట పడేవాణ్ణి.

భాష విషయంలో ఒక మాట. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో 1962లో వచ్చిన మాండలిక వృత్తి పదకోశం, వ్యవసాయ పదాల సంపుటం, నా బల్ల మీద ఎప్పుడూ ఉంటుంది. ఒకే పనిముట్టుకు జిల్లాకో పేరు. దాన్ని తిరగేసే అలవాటుతోనే చేనేత మీద ఆసక్తి పుట్టింది, మంగళగిరి వెళ్లి గుంట మగ్గం పక్కన కూర్చుని పడుగు, పేక (నిలువు, అడ్డం దారాలు) గురించి రాసుకొచ్చాను. డబ్బులు పెద్దగా రాలేదు, అయినా మళ్లీ వెళ్తాను.

డబ్బు గురించి దాచేదేమీ లేదు. ఇప్పటికీ కొన్ని నెలలు బాగుంటాయి, కొన్ని నెలలు ఫోన్ మోగితే అద్దె అడగడానికేమో అనిపిస్తుంది. ఒక అనువాద సంస్థ ఐదు నెలల బిల్లు ఎగ్గొట్టింది. పెద్ద పని అయితే ఇప్పుడు సగం ముందే అడుగుతాను, మొహమాటం మానేశాను. 10 శాతం టీడీఎస్ (ముందే పట్టుకునే ఆదాయపు పన్ను) కోసుకుని ఇస్తారు, రిటర్న్ వేస్తే పన్ను పడని మేరకు వెనక్కి వస్తుంది. మొదటి రెండేళ్లు నేను వేయలేదు, ఆ డబ్బు పోయింది. మీరు అలా చేయకండి. ఆరు నెలల ఖర్చు చేతిలో పడేదాకా ఉద్యోగం కూడా వదలకండి.

ఇక మీకు ఏ సబ్జెక్టు అంటే, మీ చేతిలో ఉన్నదాన్ని వదిలేసి సినిమా రివ్యూలు ఎందుకండీ? మాత్రల అట్ట మీద ఎక్స్‌పైరీ తేదీ ఎలా వేస్తారో ఎంతమందికి తెలుసు? 40 డిగ్రీల వేడి, 75 శాతం తేమ ఉన్న చాంబర్లో ఆరు నెలలు పెట్టి, మధ్యమధ్యలో తీసి ఎంత మందు మిగిలిందో చూడడం అందులో ఒక భాగమని మీకు తెలుసు, ఆ శాంపిళ్లు తీసేది బహుశా మీరే. అది మీ అమ్మగారికి అర్థమయ్యేలా 500 పదాల్లో రాయండి. ముందు ఆవిడకే చదివి వినిపించి, ఎక్కడ "అంటే ఏంట్రా?" అన్నారో ఆ వాక్యం కింద గీత గీసుకోండి.