రాత్రి పదింటికీ ఎండే ఉండే ఊళ్లో షుగర్ మందులు ఎప్పుడు వేసుకోవాలి?

ప్రశ్న: డాక్టర్ గారూ, నమస్కారం. నా వయసు 62. పదేళ్లుగా షుగర్, బీపీ ఉన్నాయి. ఉదయం టిఫిన్‌తో గ్లిమెపిరైడ్, రెండు పూటలా మెట్‌ఫార్మిన్, రాత్రి 10 గంటలకు గ్లార్జిన్ ఇన్సులిన్, బీపీకి అమ్లోడిపిన్ వాడుతున్నాను. మా అబ్బాయి అలాస్కాలోని యాంకరేజ్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. జూన్ రెండో వారంలో నేనూ మావారూ వెళ్లి నెల రోజులు ఉండి వద్దామనుకుంటున్నాం. కొండలు, అడవులు తిప్పి చూపిస్తానంటున్నాడు. అక్కడ రాత్రి పదింటికి కూడా ఎండ ఉంటుందట. ఆ చలికి తట్టుకోగలనా? మందులు ఏ టైముకు వేసుకోవాలి?
– ఒక పాఠకురాలు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

జవాబు: అమ్మా, నిశ్చింతగా వెళ్లిరండి. జూన్‌లో యాంకరేజ్ చలి మీరు భయపడేంత ఉండదు. మధ్యాహ్నం 17, 18 డిగ్రీలు ఉంటుంది. డిసెంబరు తెల్లవారుజామున మన బీచ్ రోడ్డులో ఉన్నట్టే. స్వెట్టరు, వాన పడితే తడవకుండా ఒక కోటు ఉంటే చాలు. మీ విషయంలో నాకు టెన్షన్ చలి గురించి కాదు, వెలుతురు గురించి.

విశాఖలో జూన్‌లో కూడా ఆరున్నరకల్లా పొద్దు గూకుతుంది. చీకటి పడుతుంది, ఆకలేస్తుంది, ఎనిమిదికి కంచం ముందు కూర్చుంటాం. మనకు తిండి వేళ చెప్పేది ఆ చీకటే. యాంకరేజ్‌లో జూన్ 21 ప్రాంతంలో సూర్యుడు తెల్లవారుజామున 4.20కి వచ్చేస్తాడు, రాత్రి 11.40 దాటాక గానీ వెళ్లడు. ఆ తర్వాత కూడా చిక్కటి చీకటి ఉండదు. అక్కడ రాత్రి ఎనిమిదింటి ఎండ మన సాయంత్రం ఐదు గంటల ఎండలా ఉంటుంది. తిండి, మందు, నిద్ర మూడూ అక్కడే తప్పుతాయి.

నా దగ్గర చూపించుకునే ఒక రిటైర్డ్ మాస్టారికి ఇదే జరిగింది. యాంకరేజ్‌లోనే ఉన్న కూతురి దగ్గరకు వెళ్లిన మూడో రోజు, భార్యతో కలిసి సముద్రం పక్కనే ఉండే కోస్టల్ ట్రైల్ మీద నడకకు బయల్దేరారు. మధ్యాహ్నం ఒంటిగంటకు తిన్నదే. ఎండ చూసి ఇంకా సాయంత్రమే కదా అనుకున్నారు. కాసేపటికి చేతులు వణకడం మొదలైంది. చలేమోనని ఆవిడ శాలువా కప్పారు. వణుకు తగ్గలేదు సరికదా, నుదుటి మీద చెమట పట్టింది. చలికి వణికే మనిషికి చెమటెందుకు పడుతుందని ఆవిడకు అనుమానం వచ్చి, సంచిలో ఉన్న జ్యూస్ తాగించారు. పావుగంటకు తేరుకున్నారు. అప్పుడు టైము చూసుకుంటే రాత్రి తొమ్మిదిన్నర!

మీరు వాడే గ్లిమెపిరైడ్, ఇన్సులిన్ రెండూ తిండి ఆలస్యమైతే షుగర్‌ను బాగా దించేస్తాయి. దానికి కొండ నడక తోడైతే ఇంకా దిగుతుంది, ఆ రాత్రి నిద్రలో కూడా దిగొచ్చు. అందుకే అక్కడ ఆకాశం వైపు చూడకండి, ఫోన్‌లో అలారం పెట్టుకోండి. ఎనిమిదికి టిఫిన్, ఒంటిగంటకు భోజనం, రాత్రి ఏడున్నరకు భోజనం. బయట ఎంత ఎండ ఉన్నా సరే. వణుకు వస్తే వెంటనే గ్లూకోమీటర్‌తో చూసుకోండి. 70 కంటే తక్కువ ఉంటే మూడు చెంచాల గ్లూకోజ్ పొడి నీళ్లలో కలుపుకుని తాగి, 15 నిమిషాల తర్వాత మళ్లీ చూడండి. చలిలో వేలు గుచ్చితే రక్తం సరిగా రాదు, మిషన్ కూడా బాగా చల్లబడితే ఎర్రర్ చూపిస్తుంది. అరచేతులు రుద్దుకోండి, మిషన్‌ను కోటు లోపలి జేబులో పెట్టుకోండి. టెస్టు చేసే వీలు లేకపోతే ఆలోచించకుండా ముందు తీపి తీసుకోండి.

ఇక ఇన్సులిన్. వేసవిలో యాంకరేజ్ మనకంటే పదమూడున్నర గంటలు వెనక ఉంటుంది. అంటే వైజాగ్‌లో రాత్రి 10 అయినప్పుడు అక్కడ అదే రోజు ఉదయం 8.30. ఇది మీకు కలిసొచ్చే లెక్క. ప్రయాణంలో చేతి గడియారం మార్చకుండా, మన టైము ప్రకారం రాత్రి పదింటికే ఇన్సులిన్ వేసుకోండి. అక్కడికి చేరాక అదే ఉదయం 8.30 డోసు అవుతుంది. 24 గంటల తేడా చెడదు, ఉన్నన్నాళ్లూ ఉదయం టిఫిన్ వేళకే వేసుకోవచ్చు. గ్లిమెపిరైడ్ మాత్రం విమానంలో భోజనం ట్రే మీ ముందుకు వచ్చాకే వేసుకోండి, 24 గంటల్లో ఒక్కసారే. తినకపోతే మాత్ర మానేయండి. అమ్లోడిపిన్ కొన్ని గంటలు అటూ ఇటూ అయినా ఫర్వాలేదు. మీకు మందులు రాసే డాక్టరుకు ఈ లెక్క చూపించి, డోసు ఏమైనా తగ్గించాలేమో అడగండి. ఇన్సులిన్ చెక్-ఇన్ లగేజీలో వద్దు, కింద గడ్డకట్టే ప్రమాదం ఉంది. గడ్డకట్టి కరిగిన ఇన్సులిన్ పనికిరాదు. ప్రిస్క్రిప్షన్‌తో సహా అన్నీ చేతి సంచిలోనే.

నిద్రకు నల్లటి కర్టెన్లు, కళ్లకు మాస్కు. పదింటికి కర్టెన్ వేసేయమని అబ్బాయికి ముందే చెప్పండి. ఇక్కడి నుంచి నిద్రమాత్రలు పట్టుకెళ్లొద్దు. షుగర్ పడిపోయినా మెలకువ రాదు.

ఊరి బయట కొండలంటే ఎక్కువగా చుగాచ్ స్టేట్ పార్క్, వీలైతే దెనాలి నేషనల్ పార్క్. అక్కడ దోమలు గుంపులుగా మీద పడతాయి. మన ఏజెన్సీ దోమల్లా మలేరియా తేవు, కానీ గీరుకుంటే షుగర్ ఉన్నవాళ్లకు పుండు పడుతుంది. పొడుగు చేతుల జాకెట్టు, సాక్సులు వేసుకుని, దోమల్ని దూరంగా ఉంచే డీట్ అనే మందు ఉన్న క్రీము రాసుకోండి. వాగు నీళ్లు అద్దంలా ఉన్నాయని సింహాచలం గంగధార దగ్గర పట్టినట్టు దోసిట పట్టి తాగకండి. జియార్డియా అనే పరాన్నజీవి ఉంటుంది, వారాల తరబడి విరేచనాలు తగ్గవు. నీళ్లు ఇంటి నుంచే తీసుకెళ్లండి, కుళాయి నీళ్లు మంచివే. ఒడ్డున ఏరుకొచ్చిన ఆల్చిప్పల కూర ఎవరైనా పెట్టినా తినొద్దు. వాటిలో ఒక్కోసారి ఉండే విషం ఎంత ఉడికించినా పోదు, ఊపిరి ఆడే కండరాలనే పడగొడుతుంది.

ఇంకో మాట, ఇది ఆర్కే బీచ్‌కు అలవాటు పడిన మనకే ముఖ్యం. అక్కడ నీళ్లు వెనక్కి వెళ్లాక కనిపించే బూడిదరంగు నేల ఇసుక కాదు, బురద. కాలు దిగబడితే పైకి రాదు, ఈలోగా పోటు వచ్చేస్తుంది. ఒక్క అడుగు కూడా దిగకండి. దుప్పి జాతికి చెందిన మూస్ ఊరి దారుల్లోనే కనిపిస్తుంది. జూన్‌లో పిల్లతో ఉంటుంది కాబట్టి ఫొటో కోసం దగ్గరకు వెళ్లొద్దు.

ప్రయాణానికి ముందే పాత జబ్బులకు కూడా వర్తించే ఇన్సూరెన్స్ తీసుకోండి. నడకకు బూట్లు అక్కడికి వెళ్లి కొనొద్దు. ఇప్పుడే కొని, నెల రోజులు బీచ్ రోడ్డులో వాటితోనే నడవండి. రోజూ ఇంటికి వచ్చాక అరికాళ్లు చూసుకోండి. ఎక్కడైనా ఎర్రబడినా, బొబ్బ కనిపించినా టికెట్టు తేదీ లోపే నాకో, మీ డాక్టరుకో చూపించండి.