ఇంజిన్ నంబరు కలవని పాత టూరింగ్ బైకు: మీ చేతిలో ఉన్నది రెండు నెలలే

ప్రశ్న: నాన్నగారు పోయాక వచ్చిన డబ్బుతో 22 నెలల క్రితం బెంగళూరులో పాత బైకులు అమ్మే ఒక షాపులో 650 సీసీ టూరింగ్ బైకు కొన్నాను. అప్పటికే 12 ఏళ్లు దాటిన బండి. దాని మీద లదాఖ్ వెళ్లాలన్నది నాన్నగారికీ నాకూ ఎప్పటి నుంచో ఉన్న కోరిక. మొత్తం 2,40,000 రూపాయలు. 1,60,000 షాపు యజమాని ఖాతాకు పంపాను, మిగతాది నగదు. ఏజెంటు ద్వారా ఎన్‌ఓసీ తెప్పించి, ఏపీ నంబరుతో నా పేరు మీదకు మార్పించుకున్నాను. ఇప్పటికి స్టేటర్ కాయిల్, ఫోర్కు సీళ్లు, క్లచ్ ప్లేట్లకే 38,000 అయింది. గత నెల ఆయిల్ లీకవుతోందని ఇస్తే, మెకానిక్ క్రాంక్‌కేసు (ఇంజిన్ కింది పెట్టె) శుభ్రంగా కడిగి, ఆర్‌సీలో ఉన్న ఇంజిన్ నంబరు ఇది కాదన్నాడు. షాపతను "బండి తీసుకురా తమ్ముడూ, ఆర్‌సీలో ఉన్న నంబరే పంచ్ చేయించి ఇస్తా" అంటున్నాడు. ఇంకో 5 నెలల్లో ఆర్‌సీకి 15 ఏళ్లు నిండుతాయి. నాకు న్యాయం జరుగుతుందా?

జవాబు: జరగాలంటే ముందు ఆ పంచింగ్ మాట మరిచిపోండి. షాపతను మీకు సాయం చేస్తున్నట్టు మాట్లాడుతున్నాడు గానీ, అడుగుతున్నది మీ సాక్ష్యాన్ని. క్రాంక్‌కేసు మీద ఈ రోజు కనిపిస్తున్న ఆ నంబరే మీ కేసు. దాన్ని గ్రైండర్‌తో చెరిపి ఇంకోటి కొట్టిస్తే, మోసం జరిగిందని చూపించడానికి ఏమీ మిగలదు. అంతకంటే పెద్ద ప్రమాదం ఉంది. ఆ ఇంజిన్ ఎక్కడో పోయిన బండిదైతే, తెలియక కొన్నానని చెప్పుకునే అవకాశం ఇప్పుడు మీకుంది. నంబరు మార్పించాక అది ఉండదు. దొంగసొత్తని తెలిసి గానీ, నమ్మడానికి కారణముండి గానీ దగ్గర పెట్టుకోవడం భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద నేరం. ఆర్‌సీ మీ పేరు మీద ఉంది కాబట్టి పోలీసులు తట్టేది మీ తలుపే.

మీ ఉత్తరంలో నాన్నగారి కోరిక గురించి రాసిన రెండు పేజీలూ చదివాను. కేసులో వాటికి చోటు లేదు. స్టేటర్ కాయిల్, ఫోర్కు సీళ్లు, క్లచ్ ప్లేట్లకూ లేదు. పుష్కరం దాటిన బండికి అవి పోవడం సహజం. ఓడోమీటరు (తిరిగిన కిలోమీటర్లు చూపే మీటరు) వెనక్కి తిప్పారేమో అని అనుమానమే తప్ప మీ దగ్గర పాత సర్వీసు రికార్డు లేదు. ఇవన్నీ ఫిర్యాదులో కుక్కితే "పాత బండి అరుగుదలకు ఏడుస్తున్నాడు" అని ఎదుటి లాయరు మొత్తం కేసునే ఆ గాటన కట్టేస్తాడు. మీరు నిలబడాల్సింది ఒక్కచోటే. ఆర్‌సీలో రాసి ఉన్న చాసిస్ (బండి ఫ్రేము), ఆర్‌సీలో రాసి ఉన్న ఇంజిన్ కలిసిన బండి అని చెప్పి అమ్మారు, ఇచ్చింది అది కాదు. వస్తు విక్రయ చట్టం 1930లోని 15వ సెక్షన్ చెప్పేది ఇదే, వివరం చెప్పి అమ్మిన వస్తువు ఆ వివరానికి సరిపోవాలి. అమ్మే హక్కు అమ్మినవాడికి ఉండాలని 14వ సెక్షన్ చెబుతుంది. ఇంజిన్ దొంగదని తేలితే అదీ మీకు పనికొస్తుంది.

డెలివరీ కాగితం మీద "ఉన్నది ఉన్నట్టుగా అమ్మడమైనది, తర్వాత మాకు బాధ్యత లేదు" అని రాసి మీ సంతకం తీసుకున్నారు. వాళ్ల మొదటి వాదన అదే అవుతుంది. దానికి జవాబు మీరు పంపిన వాట్సాప్ స్క్రీన్‌షాట్‌లో ఉంది: "ఒరిజినల్ ఇంజిన్, విప్పలేదు". తెలిసి అబద్ధం చెప్పి అమ్మినవాణ్ని అలాంటి షరతు కాపాడదు. ఆ మెసేజ్‌లున్న ఫోను అమ్మొద్దు, రీసెట్ చేయొద్దు. ఉత్త స్క్రీన్‌షాట్ ప్రింటు చాలదు. భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం సర్టిఫికెట్ జతచేయాలి.

ఇక మిమ్మల్ని కోప్పడాల్సిన చోటికి వస్తాను. ఎన్‌ఓసీ వచ్చాక ఏజెంటు పెన్సిలుతో చాసిస్ నంబరు ప్రింటు తీసి ఫారం మీద అంటించాడని మీరే రాశారు. అతను చాసిస్ దగ్గర వంగినప్పుడు మీరు పక్కనే ఉన్నారు. క్రాంక్‌కేసు మీది మట్టిని గుడ్డతో తుడిచి, ఆర్‌సీ పక్కన పెట్టి చూస్తే రెండు నిమిషాల పని. రెండు లక్షల నలభై వేలు పెట్టి ఆ రెండు నిమిషాలు పెట్టలేదు. ఇది మీ మనసు నొప్పించడానికి చెప్పడం లేదు, కాలపరిమితి లెక్క దీని మీదే తిరుగుతుంది.

వినియోగదారుల రక్షణ చట్టం 2019లోని 69వ సెక్షన్ ఫిర్యాదు వేయడానికి రెండేళ్ల గడువిస్తుంది. మోసం బయటపడింది గత నెలే, గడువు అప్పటి నుంచే అని మీరు అనుకుంటున్నారు. ఆ వాదన చేయొచ్చు. కానీ "తగిన శ్రద్ధ పెట్టి ఉంటే ఎప్పుడు తెలిసేది" అన్న ప్రశ్న వెంటనే వస్తుంది. బండి బయటి భాగం మీద అచ్చొత్తి ఉన్న నంబరు గురించి ఆ ప్రశ్నకు మీ దగ్గర గట్టి జవాబు లేదు. అందుకే కొన్న తేదీ నుంచే లెక్కపెట్టండి. 22 నెలలు పోయాయి, రెండు మిగిలాయి. ఈలోపు దాఖలు చేస్తే ఆ వాదన అవసరమే రాదు. షాపతను "వచ్చే వారం సెటిల్ చేస్తా" అంటూ ఉంటే గడువు ఆగదు. మీరు అతనికి నోటీసు ఇచ్చినా ఆగదు. నోటీసుకు 15 రోజులు ఇవ్వండి, ఆ తర్వాత ఒక్క రోజు కూడా ఎదురుచూడొద్దు. సివిల్ దావాకు మూడేళ్లుంటాయి గానీ, కోర్టు ఫీజు కట్టి అంత దూరం వెళ్లే పని ఎందుకు?

కేసు కోసం బెంగళూరు తిరగక్కర్లేదు. మీరు ఉంటున్న జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే వేయవచ్చు. మీరు చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు కాబట్టి ఫీజు కూడా లేదు. అయితే "నేను కేవలం మధ్యవర్తిని, కమీషన్ తీసుకున్నాను, అమ్మింది పాత ఓనరు" అని షాపతను తప్పుకోజూస్తాడు. 1,60,000 పడిన ఖాతా ఎవరిదో చూపే బ్యాంకు స్టేట్‌మెంటు అక్కడ అక్కరకొస్తుంది. పాత వాహనాల డీలర్లకు 2023 ఏప్రిల్ 1 నుంచి రవాణా శాఖ అధీకృత పత్రం ఉండాలి, బండి తమ చేతికి వచ్చినప్పుడు ఆ సంగతి రిజిస్టరింగ్ అధికారికి తెలపాలి. ఆ పత్రం నంబరు నోటీసులోనే అడగండి. పాత ఓనరునూ రెండో ప్రతివాదిగా చేర్చండి. నగదుగా ఇచ్చిన 80,000కు రసీదు లేదు. ఏటీఎం విత్‌డ్రాయల్స్, "క్యాష్ ముట్టింది" లాంటి మెసేజ్ ఏదైనా ఉంటే వెతకండి. ఏదీ దొరక్కపోతే ఆ మేరకు ఆశ తగ్గించుకోక తప్పదు.

ఈ వారమే చేయాల్సినవి చెబుతాను. చాసిస్ నంబరు దగ్గర మొదలుపెట్టి ఆపకుండా ఇంజిన్ నంబరు దాకా ఒకే వీడియో తీయండి. మెకానిక్ చేత తేదీ, తను చూసిన నంబరు, ఓడోమీటరు రీడింగ్ రాయించి సంతకం పెట్టించండి. ఆ ఇంజిన్ అసలు ఏ చాసిస్‌తో వచ్చిందో చెప్పమని కంపెనీ అధీకృత సర్వీస్ సెంటరుకు రాతపూర్వకంగా అడగండి. ఆ తర్వాత మీ స్టేషన్‌లో మీరే ముందుగా ఫిర్యాదిచ్చి రసీదు తీసుకోండి. పోలీసులు బండి తీసుకెళ్తారేమోనని భయపడుతున్నారు. తీసుకెళ్లొచ్చు. అప్పుడు కోర్టు ద్వారా మధ్యంతర కస్టడీ, అంటే కేసు తేలేదాకా బండిని మీ దగ్గరే ఉంచమని అడిగే వీలుంది. రోడ్డు మీద తనిఖీలో దొరకడం కంటే ఇది వెయ్యి రెట్లు నయం.

పాత ఇంజిన్ బిగుసుకుపోయి పాడైతే మునుపటి ఓనరు ఇంకోటి బిల్లుతోనే కొని వేయించి, ఆర్‌సీలో ఎక్కించకుండా వదిలేసి ఉండవచ్చు కూడా. టూరింగ్ బైకుల్లో ఇది అరుదేమీ కాదు. అందుకే నోటీసులో ఆ బిల్లు ఇమ్మని అడగండి. అది దొరికి, ఇంజిన్ మీద ఏ కేసూ లేదని తేలితే, ఇంజిన్ మార్పును ఆర్‌సీలో నమోదు చేయమని ఆర్‌టీఓకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. కమిషన్‌లో అప్పుడు మీరు అడిగేది ధరలో తేడా మాత్రమే. ఆర్‌సీ రెన్యువల్‌కు ఫారం 25 గడువుకు 60 రోజుల ముందు నుంచి ఇవ్వవచ్చు, తనిఖీలో నంబరు చూస్తారు, కాబట్టి నమోదు పని అంతకు ముందే అయిపోవాలి.

అప్పటిదాకా బండి షెడ్డులోనే ఉండాలి. ఈ ఇంజిన్‌తో ప్రమాదం జరిగితే బీమా సర్వేయరు మొదట చూసేది ఆ నంబరే. ఇంకొకరికి అమ్మి వదిలించుకుందామన్న ఆలోచన ఉత్తరం చివర్లో రాశారు. విషయం దాచి అమ్మితే ఇప్పుడు ఆ షాపతను నిలబడిన చోట రేపు మీరు నిలబడతారు. తాళం ఎవరికీ ఇవ్వకండి, రిపేరుకు తీసుకెళ్తామని షాపు వాళ్లు మనిషిని పంపినా సరే.