హైబ్రిడ్ బండి కొనే ముందు

అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

ఇంటిల్లిపాదికీ సరిపోయే హైబ్రిడ్ ఎస్‌యూవీ కొందామనుకుంటున్నామని, ఖర్చు కాస్త ఎక్కువైనా పిల్లలు పీల్చే గాలికి మంచిది కదా అని రాశావు. చాలా సంతోషం తల్లీ. ఎనిమిదేళ్లుగా అలాంటి బండే నడుపుతున్నాను కాబట్టి నాకు తెలిసింది చెబుతాను.

ముందు మీ బండి ఎలాంటి దారుల్లో తిరుగుతుందో చూసుకోండి. మామూలు బండిలో బ్రేకు నొక్కిన ప్రతిసారీ ఆ వేగమంతా వేడిగా మారి వృథా అయిపోతుంది. హైబ్రిడ్‌లో పెట్రోలు ఇంజిన్‌తో పాటు బ్యాటరీతో నడిచే కరెంటు మోటారు కూడా ఉంటుంది. బ్రేకు నొక్కినప్పుడు ఆ మోటారే జనరేటర్‌లా పనిచేసి అందులో కొంత బ్యాటరీలోకి పంపుతుంది. సిగ్నల్ దగ్గర ఇంజిన్ దానంతటదే ఆగిపోతుంది. స్కూలు, ఆఫీసు, ట్రాఫిక్ మధ్య తిరిగేవాళ్లకు అందుకే లాభం బాగా తెలుస్తుంది. అస్తమానం హైవే మీద ఒకే వేగంతో పోయేవాళ్లకు అంత తేడా కనిపించదు.

బండి మీద హైబ్రిడ్ అని రాసి ఉంటే సరిపోదు, ఏ రకమో అడగాలి. మైల్డ్ హైబ్రిడ్ అయితే చిన్న మోటారు ఇంజిన్‌కి సాయం పడుతుందంతే. ఫుల్ హైబ్రిడ్ తక్కువ వేగంలో కాసేపు కరెంటు మీదే నడుస్తుంది. ప్లగ్-ఇన్ అంటే బ్యాటరీని బయటి కరెంటుతో ఛార్జ్ చేసుకునేది, దానికి రోజూ ఛార్జింగ్ పెట్టే ఓపిక, వీలు రెండూ ఉండాలి. 2024లో యూరోపియన్ కమిషన్ రోడ్డు మీద తిరుగుతున్న బండ్ల లెక్కలు తీస్తే, ప్లగ్-ఇన్‌లు వదిలే కార్బన్ డయాక్సైడ్ పరీక్షల్లో చూపినదానికి సగటున 3.5 రెట్లు ఉంది. జనం అనుకున్నంతగా ఛార్జింగ్ పెట్టకపోవడమే ముఖ్య కారణం.

ఇక లెక్క. మైలేజీ అంకె చూసి మురిసిపోవద్దు, ఏడాదికి ఎన్ని లీటర్లు మిగులుతాయో చూడండి. ఏడాదికి 15,000 కిలోమీటర్లు తిరుగుతారనుకో. లీటరుకి 10 ఇచ్చే బండి నుంచి 15 ఇచ్చేదానికి మారితే 500 లీటర్లు మిగులుతాయి. 20 నుంచి 25కి మారితే మిగిలేది 150 లీటర్లే. రెండు చోట్లా పెరిగింది ఐదే అయినా ఫలితంలో ఎంత తేడానో చూడు! లీటరు పెట్రోలు మండితే దాదాపు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. అంటే 500 లీటర్లు మిగిలితే ఏడాదికి 1,150 కిలోలు తగ్గినట్టే. హైబ్రిడ్‌కి అదనంగా పెట్టే డబ్బుని ఏడాదిలో మిగిలే పెట్రోలు డబ్బుతో భాగిస్తే ఎన్నేళ్లకు చేతికొస్తుందో తెలుస్తుంది. మీరు బండి ఉంచుకునేది అంతకంటే తక్కువ కాలమైతే, డబ్బు కోసమని మాత్రం కొనొద్దు.

ఇప్పుడున్న బండి బాగానే ఉండి, తిరిగేది తక్కువైతే దాన్నే ఇంకొన్నాళ్లు వాడండి. కొత్త బండి తయారీలో కూడా కాలుష్యం ఉంటుంది. సైజు విషయంలో నేను పొరపాటు చేశాను. చుట్టాలొస్తారని ఏడు సీట్లది తీసుకున్నాను, మూడో వరస ఏడాదంతా మడిచే ఉంటుంది. ఆ బరువుని మాత్రం రోజూ మోయాల్సిందే. అదే హైబ్రిడ్ ఇంజిన్ చిన్న కారులో ఉంటే ఇంకా తక్కువ తాగుతుంది.

ఒకరు వాడిన పాత హైబ్రిడ్ కొందామని చూస్తుంటే బ్యాటరీ వారంటీ ఎన్నేళ్లు, ఎన్ని కిలోమీటర్లు మిగిలిందో కాగితం మీద చూడాలి. తర్వాత వెనక సీటు దగ్గర వంగి చూడు. చాలావాటిలో అక్కడో జాలీ ఉంటుంది, బ్యాటరీ చల్లబడడానికి గాలి అందులోంచే వెళ్లాలి. మా బండిలో ఒకసారి వెనక ఫ్యాన్ రొద ఎక్కువైతే టార్చి వేసి చూశాను. బిస్కెట్ పొడి, వెంట్రుకలు, దుమ్ము కలిసి మందపాటి గుడ్డలా అంటుకుపోయి ఉన్నాయి. ఫిల్టర్ తీసి శుభ్రం చేయించాక రొద తగ్గింది. పిల్లలు అక్కడ స్కూలు బ్యాగులు ఆనించి దాన్ని మూసేయకుండా మొదటి రోజు నుంచే చెప్పు.

టెస్ట్ డ్రైవ్ ఖాళీ రోడ్డు మీద వద్దు. పిల్లల్ని ఎక్కించుకుని, ఏసీ వేసుకుని, రోజూ మీరు వెళ్లే దారిలోనే ఇవ్వమనండి. ఈలోగా నెల రోజులు ఎంత పెట్రోలు పోయిస్తున్నారో, ఎన్ని కిలోమీటర్లు తిరిగారో అల్లుడుగారిని ఒక పుస్తకంలో రాయమను. ఆ అంకెలు నాకు పంపితే ఇద్దరం కూర్చుని లెక్క చూద్దాం.

మీ పెదనాన్న