ఆట వద్దంటున్నాడా, అకాడమీ వద్దంటున్నాడా?

ప్రశ్న: మాది కడప. మా అబ్బాయికి 12 ఏళ్లు. రెండేళ్లుగా క్రికెట్ అకాడమీకి పంపుతున్నాం. క్యాచ్ వదిలేస్తే కోచ్ అందరి ముందూ ‘ఆడపిల్ల మాదిరి ఆడతావేమిరా’ అంటాడు. ఎండలో రౌండ్లు కొట్టిస్తాడు, అవి అయ్యేదాకా నీళ్లు తాగనివ్వడు. మ్యాచ్ రోజు మా ఆయన షాపు మూసుకుని వెళ్తాడు, బండి మీద ఇంటికొచ్చేదాకా తిడుతూనే ఉంటాడు. ఇప్పుడు ఆదివారం వస్తే చాలు, వాడికి కడుపునొప్పి. సాయంత్రం వీధిలో మాత్రం చీకటి పడేదాకా ఆడతాడు. మానేస్తానంటే ‘ఇంత డబ్బు పోశాం, మగపిల్లోడు ఆ మాత్రం ఓర్చుకోలేడా’ అంటున్నాడు మా ఆయన. వచ్చే నెల అండర్-14 సెలక్షన్లు. పంపాలా, మాన్పించాలా?

జవాబు: అమ్మా, వీధిలో చీకటి పడేదాకా ఆడుతున్నాడన్నారే, నాకు ధైర్యం వచ్చింది అక్కడే. ఆట మీద మనసు విరిగిన పిల్లవాడు బ్యాటు ముట్టడు. మీవాడు పారిపోతున్నది తిట్ల నుంచి. క్రికెట్ మాన్పించకండి, దాని చుట్టూ ఉన్నవాళ్ల సంగతి చూద్దాం.

కడుపునొప్పిని నాటకం అనుకోవద్దు. టెన్షన్ పడే పిల్లలకు నొప్పి నిజంగానే వస్తుంది. ఒకసారి డాక్టరుకు చూపించండి. తర్వాత మీరిద్దరే ఉన్నప్పుడు, తీరిగ్గా, అక్కడేం జరుగుతోందో అడగండి. కొడుతున్నారా, బట్టలు మార్చుకునే చోట పెద్ద పిల్లలు ఏడిపిస్తున్నారా, ఎవరైనా ఒంటి మీద చేయి వేస్తున్నారా అని. వాడు చెబుతుంటే ‘ముందే ఎందుకు చెప్పలేదు’ అనకండి. అలాంటిదేదైనా బయటపడితే ఆ రోజే పంపడం ఆపి, పిల్లల హెల్ప్‌లైన్ 1098కు ఫోన్ చేయండి.

ఇక కోచ్. మీరూ మీ ఆయనా కలిసి వెళ్లండి, మిగతా తల్లిదండ్రులు లేని వేళ చూసుకుని. నీళ్ల విషయంలో బతిమాలడాలేం వద్దు. కడప ఎండలో పరుగెత్తించి నీళ్లివ్వకపోతే వడదెబ్బ తగులుతుంది, ప్రాణం మీదికే వస్తుంది. తప్పు చెప్పాలంటే పక్కకు పిలిచి చెప్పమనండి. ‘ఆడపిల్ల మాదిరి’ అన్న మాట చదివి నవ్వొచ్చింది. 2025 మహిళల ప్రపంచకప్ గెలిచిన భారత జట్టులో బౌలింగ్ చేసిన శ్రీచరణి మీ జిల్లా ఆడపిల్లే, వీరపునాయునిపల్లె మండలంలోని పల్లె నుంచి వెళ్లింది. చిన్నప్పుడు వేరే ఆటలాడి, పదహారేళ్లప్పుడు గానీ క్రికెట్‌ను గట్టిగా పట్టుకోలేదు. కోచ్‌కు చెప్పినా చెప్పకపోయినా, మీ ఆయనకు మాత్రం ఇది చెప్పండి. పన్నెండేళ్లకే ఏదీ తేలిపోదు. రెండు మూడు వారాలు చూసినా కోచ్ తీరు మారకపోతే వేరే చోట చేర్పించండి, కట్టిన ఫీజు పోతే పోనీ.

అసలు కష్టం ఆ బండి మీదే ఉంది. మీ ఆయన చెడ్డవాడని నేననను. షాపు మూసుకుని వెళ్లే తండ్రులు ఎంతమంది? కానీ క్యాచ్ వదిలింది తనేనని వాడికి తెలుసు, కోచ్ ఒకసారి అనేశాడు కూడా. వెనక కూర్చుని, దిగిపోయే దారి లేక, మళ్లీ అదే వినాలి. కోచ్ తిట్టినా నాయన ఉన్నాడన్న ధీమా పోయాక వాడికి దిక్కెవరు? రాత్రి షాపు కట్టేసి వచ్చి, అన్నం తిన్నాక, వాడు పడుకున్నప్పుడు చెప్పండి: మ్యాచ్ రోజు వాడు ఎత్తితే తప్ప ఆట మాటే వద్దు, ఏం తింటావని అడిగితే చాలు. ఒకటి రెండు ఆదివారాలు నోరు కట్టేసుకోవడం ఆయనకు నరకంగా ఉంటుంది, ఓపిక పట్టండి. పోసిన డబ్బు వాడు ఆడినా మానినా తిరిగి రాదు, ఆ బాకీ పిల్లవాడి నెత్తిన వేయకూడదు. ఓర్చుకోవడమంటారా, డకౌటైన మర్నాడు నెట్స్‌కు పోవడం ఓర్పే. తిట్లు మింగడం దేనికి పనికొస్తుంది?

సెలక్షన్లకు వాడు వస్తానంటే పంపండి, వద్దంటే ఈసారికి వదిలేయండి. అండర్-14 తర్వాత అండర్-16 ఉంటుంది. వెళ్తే మాత్రం మీరే తీసుకెళ్లండి. మీ ఆయన్ను ఆ రోజుకు షాపు తెరుచుకోమనండి.