పాఠకుల ప్రశ్నలు: వేట ప్రయాణానికి ఏ సంచి?

ప్రశ్న: నేను విజయనగరంలో స్థిరపడిన విశ్రాంత ఉపాధ్యాయుడిని. మా అమ్మాయి, అల్లుడు అమెరికాలోని డాలస్‌లో ఉంటున్నారు. అల్లుడు ఏటా మిత్రులతో కలిసి కొలరాడో కొండల్లో ఎల్క్ అనే పెద్ద జాతి దుప్పుల వేటకు విమానంలో వెళ్తాడు. ఈ అక్టోబరులో మేము అక్కడే ఉంటాము కనుక నన్నూ రమ్మంటున్నాడు. నేను తుపాకీ పట్టను, చూడడానికే వెళ్తాను. ఇందుకోసం గట్టి సూట్‌కేస్ కొనాలా, మెత్తని సంచి సరిపోతుందా? అల్లుడి పాత వేట సంచి వాడుకోవచ్చునా? గుర్తుగా ఒక జత కొమ్ములు ఇంటికి తెచ్చుకోవచ్చునా?
– ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: మెత్తని డఫెల్ సంచే కొనండి. గట్టి సూట్‌కేస్ ఖాళీగానే నాలుగైదు కిలోలు తూగుతుంది. పైగా దాని చక్రాలు విమానాశ్రయపు నున్నని నేల మీద తప్ప కొండదారిలో ఉపయోగపడవు. డఫెల్‌ను జీపులో ఏ మూలనైనా కుక్కవచ్చు, గుడారంలో తలకింద పెట్టుకోవచ్చు. పొడవు, వెడల్పు, ఎత్తు కలిపితే 158 సెంటీమీటర్లు మించకుండా చూసుకోండి. అమెరికా ప్రయాణానికి సాధారణంగా 23 కిలోల చొప్పున రెండు సంచులు అనుమతిస్తారు గానీ, మీరు హైదరాబాదుకో ఢిల్లీకో వెళ్లే విమానానికి టిక్కెట్టు విడిగా కొంటే ఆ ప్రయాణానికి 15 కిలోల దేశీయ పరిమితే వర్తించవచ్చు. కనుక మొత్తం ప్రయాణానికి ఒకే టిక్కెట్టు తీసుకోవడం మంచిది.

సంచి కంటే ముఖ్యం బట్టలు. కొలరాడో రాజధాని డెన్వర్ నగరమే సముద్రమట్టానికి దాదాపు 1,600 మీటర్ల ఎత్తున ఉంది. వేట సాగే కొండలు అంతకంటే చాలా ఎత్తు, అక్టోబరులో అక్కడ మంచు పడడం వింత కాదు. అరకు చలికని కొన్న స్వెట్టరు అక్కడ చాలదు. మనకు అలవాటైన నూలు బనియన్లు చెమటకు తడిసి, ఆరక, ఒంటిని మరింత చల్లబరుస్తాయి. లోపల పలుచని ఉన్ని బట్టలు, వాటి మీద మందపాటిది, అన్నిటికీ పైన గాలిని, తడిని ఆపే కోటు వేసుకోవాలి. రైఫిల్‌తో వేటాడేవారు కనీసం 500 చదరపు అంగుళాల మేర మెరిసే నారింజ లేదా గులాబీ రంగు ధరించాలని కొలరాడో నిబంధన. వేటాడకపోయినా మీరూ అదే రంగు కోటు, టోపీ వేసుకోండి. అవి అక్కడే కొనవచ్చు. బూట్లు మాత్రం ఇక్కడే కొని, నెలరోజులు నడిచి కాళ్లకు అలవాటు చేసుకుని, విమానంలో తొడుక్కునే వెళ్లండి. సంచి ఆలస్యమైనా బూట్లు మీ దగ్గరే ఉంటాయి. వాటితో పొలంలోకి దిగి ఉంటే అడుగుభాగం శుభ్రంగా కడగండి, అంటుకున్న మట్టి గురించి అమెరికా కస్టమ్స్ వారు అడుగుతారు.

మందులు, పవర్ బ్యాంకు చేతిసంచిలోనే ఉండాలి. కత్తి ఉంటే చెక్-ఇన్ సంచిలో పెట్టాలి. ఎలుగుబంట్ల భయంతో కొనే మిరియపు స్ప్రేను ఏ సంచిలోనూ ఎక్కించరు. ఇంట్లోవారు ప్రేమతో కొబ్బరి కురిడీలు సర్దుతారేమో చూసుకోండి. ఎండుకొబ్బరిలోని నూనెకు మంట అంటుకునే గుణం ఉన్నందున దాన్ని విమానంలోకి రానివ్వరు.

తుపాకీ సంగతి అల్లుడు చూసుకుంటాడు. తూటాలు తీసేసిన తుపాకీని తాళం వేసిన గట్టి పెట్టెలో ఉంచి, చెక్-ఇన్ కౌంటరులో ప్రకటించి అప్పగించాలి. తాళంచెవి అతని దగ్గరే ఉండాలి. తూటాలను వాటికోసం తయారైన పెట్టెలో సర్దాలి, సాధారణంగా 5 కిలోలకు మించకూడదు. సామాను లెక్క సర్దుబాటు కోసమని ఆ తుపాకీ పెట్టెను మీ పేరున వేయించడానికి మాత్రం ఒప్పుకోకండి. సందర్శకుల వీసా మీద వచ్చినవారు తుపాకీ కలిగి ఉండడాన్ని అమెరికా చట్టం కొన్ని మినహాయింపులతో తప్ప అనుమతించదు. అక్కడి వేట లైసెన్సు ఉన్నవారికి ఒక మినహాయింపు ఉంది గానీ, చూడడానికి వెళ్తున్న మీకు ఆ లైసెన్సు ఉండదు కదా.

కొమ్ముల మాటకొస్తే, వాటిని అల్లుడి ఇంటి గోడకే ఉండనివ్వండి. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది. వన్యమృగాల కొమ్ములు, తలల వంటివి వెంట తెస్తే కస్టమ్స్ దగ్గర చిక్కులు తప్పవు.

ఇక అల్లుడి పాత వేట సంచి. అన్నిటికంటే గట్టిగా వద్దని చెప్పేది దీన్నే. అలాంటి సంచుల పక్క జేబుల్లో, అడుగు మడతల్లో ఎప్పటిదో ఒక తూటా మరిచిపోయి ఉండడం మామూలే. మన విమానాశ్రయంలో అది స్కానరుకు కనిపిస్తే, మీది కాదని ఎంత చెప్పుకున్నా 1959 నాటి ఆయుధాల చట్టం కింద కేసు ఎదుర్కోవాల్సి రావచ్చు. కొత్త సంచి కొన్నా సరే, వేట ముగిశాక అందరి సామాన్లూ ఒకే గుడారంలో కలిసిపోతాయి కనుక, డాలస్‌లో తిరుగు ప్రయాణానికి సర్దుకునే ముందు దాన్ని బోర్లించి దులిపి, కోటు జేబులతో సహా ప్రతి జేబులోనూ చేయిపెట్టి చూడండి.